పికప్‌కి కొత్త ఆల్ టెర్రైన్ టైర్లు కొనే ముందు పాత టైర్లని చదవండి

టైర్లు మార్చాల్సిన టైమ్ వచ్చిందనగానే చాలామంది చేసే మొదటి పని ఫోన్‌లో ఫోటోలు చూడటం. పెద్ద పెద్ద బటన్లు (పొడుచుకొచ్చిన రబ్బరు దిమ్మలు), పక్కన తెల్ల అక్షరాలు, బురదలో సగం మునిగిన బండి, అవి చూశాక మనసు ఏదో ఒక టైరు మీద పడిపోతుంది, ఆ తర్వాత సైజు, లోడు, గాలి అన్నీ ఆ టైరుకి తగ్గట్టు మనమే సర్దుకోవడం మొదలుపెడతాం. నా మాట వినండి, ఫోటోల సంగతి చివర్లో చూసుకోండి. ముందు ఒక టార్చిలైటు, ట్రెడ్ (నేలకి ఆనే గాడుల భాగం) లోతు కొలిచే చిన్న గేజ్, ఒక కాగితం పట్టుకుని బండి పక్కన అరగంట కూర్చోండి. మీకు ఏ టైరు కావాలో మీ పాత టైర్లకి తెలిసినంత బాగా అమ్మేవాళ్లకి కూడా తెలియదు, మీరు నడిపిన రోడ్డంతా వాటి మీదే రాసి ఉంటుంది.

ఒక్కో టైరుకి మూడు చోట్ల లోతు కొలవండి: బయటి అంచు దగ్గర, మధ్యలో, లోపలి అంచు దగ్గర. ముందు టైర్ల లోపలి అంచు కనపడాలంటే స్టీరింగ్ పూర్తిగా తిప్పాలి, వెనక వాటికైతే నేల మీద పడుకోవాల్సిందే. రెండు అంచులూ అరిగి మధ్యలో ట్రెడ్ మిగిలి ఉంటే ఇన్నాళ్లూ గాలి తక్కువగా పెట్టి తిరిగారు. మధ్యలో మాత్రమే నున్నగా అయిపోతే గాలి ఎక్కువైంది. పికప్ వెనక టైర్లలో ఇది చాలా మామూలు, లోడు ఎక్కించిన రోజు కొట్టించిన గాలిని లోడు దించాక ఎవరూ తగ్గించరు. ముందు టైరు ఒక పక్కే అరిగితే అలైన్‌మెంట్ తప్పి ఉండాలి, లేదా సస్పెన్షన్‌లో ఏదో జాయింటు లూజై ఉండాలి, అది బాగు చేయించకుండా కొత్త టైర్లు వేయిస్తే అవీ అలాగే పోతాయి.

ఇప్పుడు అరచేతిని ట్రెడ్ మీద ఆనించి టైరు తిరిగే దిక్కుగా ఒకసారి, ఎదురుగా ఒకసారి నిమరండి. ఒక వైపు నున్నగా జారిపోయి, రెండో వైపు రంపం పళ్లలా చేతికి తగిలిందా? అంటే ట్రెడ్ మీది ప్రతి బ్లాకూ, అంటే ప్రతి రబ్బరు దిమ్మా, ఒక అంచు అరిగి, రెండో అంచు లేచి ఉంది. బండి 60 దాటగానే కింద నుంచి వచ్చే ఆ ఊళ సగం దీని వల్లే. ఆల్ టెర్రైన్ టైర్లలో బ్లాకులు విడివిడిగా, ఎత్తుగా ఉంటాయి కాబట్టి ఈ అరుగుదల మామూలు రోడ్డు టైర్ల కంటే త్వరగా వస్తుంది, టైర్లని టైముకి ముందు వెనకలకు మార్చకపోతే ఇంకా త్వరగా వస్తుంది. "ఆ కంపెనీ టైర్లు సంవత్సరానికే మోత మొదలుపెట్టాయి" అనే మాట విన్నప్పుడల్లా నాకు ముందు వచ్చే అనుమానం ఇదే.

తర్వాత దెబ్బలు చూడండి. ట్రెడ్ బ్లాకుల అంచులు చిన్న చిన్న ముక్కలుగా ఎగిరిపోయి ఉంటే మీరు కంకర రోడ్ల మీద బాగా తిరుగుతున్నారు, మీకు కోతకి తట్టుకునే గట్టి రబ్బరు కావాలి. సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద గీతలు, చెక్కుడు గుర్తులు ఉంటే రాళ్ల మధ్య నడిపారు, మీకు పక్కలు బలంగా ఉన్న టైరు కావాలి. ఈ రెండూ లేకుండా ట్రెడ్ శుభ్రంగా, సమంగా అరిగి ఉందా? అయితే మీ బండి తారు రోడ్డు దాటి పెద్దగా దిగలేదు. ఈ మూడోది ఒప్పుకోవడానికే మనసు రాదు. కానీ ఒప్పుకుంటే బ్రేకులు, మైలేజీ, శబ్దం, అన్నీ మీకే కలిసొస్తాయి.

ఆల్ టెర్రైన్ అంటే అసలేంటి

పికప్ టైర్లు స్థూలంగా నాలుగు రకాలు. హైవే టైరు తారు రోడ్డుకి, ట్రెడ్ లోతు సాధారణంగా 8 నుంచి 10 మిల్లీమీటర్లు, నిశ్శబ్దంగా ఉంటుంది, వానలో బ్రేకు బాగా పడుతుంది. మడ్ టైరు బురదకి, బ్లాకుల మధ్య ఖాళీలు పెద్దవి, తిరుగుతుంటే బురదని విసిరికొట్టి తనని తాను కడుక్కుంటుంది, తడి తారు మీద మాత్రం నేలకి ఆనే రబ్బరు తక్కువ కాబట్టి జారుతుంది. ఆల్ టెర్రైన్ ఈ రెండింటికీ మధ్యది, కొత్తగా ఉన్నప్పుడు లోతు సుమారు 11 నుంచి 14 మిల్లీమీటర్లు. ఈ మధ్య ఆల్ టెర్రైన్‌కీ మడ్‌కీ నడుమ ఇంకోటి వచ్చింది, రగ్డ్ టెర్రైన్ అంటారు, చూడటానికి మడ్ టైరులా ఉంటుంది, రోడ్డు మీద దానికంటే మెరుగ్గా నడుస్తుంది.

ఆల్ టెర్రైన్ అనే పేరు మాత్రం కొత్తది కాదు, బి.ఎఫ్. గుడ్రిచ్ కంపెనీ 1976లోనే రేడియల్ ఆల్ టెర్రైన్ టి/ఎ పేరుతో ఇలాంటి టైరు తెచ్చింది. ఇప్పుడు ఫాల్కెన్ వైల్డ్‌పీక్, టోయో ఓపెన్ కంట్రీ, యోకోహామా జియోలాండర్, జనరల్ గ్రాబర్, గుడ్‌ఇయర్ రాంగ్లర్, బ్రిడ్జ్‌స్టోన్ డ్యూలర్, ఇలా ప్రతి పెద్ద కంపెనీకీ ఒకటో రెండో ఉన్నాయి. అయితే ఆ పేరు పెట్టాలంటే ఇంత లోతు ఉండాలి, ఇంత ఖాళీ ఉండాలి అని కొలత ఏమీ లేదు. ఒక కంపెనీ ఆల్ టెర్రైన్ దాదాపు హైవే టైరులా ఉంటుంది, ఇంకో కంపెనీది దాదాపు మడ్ టైరులా ఉంటుంది. అందుకే పేరు చూసి కొనకూడదు.

మీరు తిరిగే దూరంలో పదింట తొమ్మిది వంతులు తారు రోడ్డే అయితే, ఆల్ టెర్రైన్‌లోనే కాస్త నెమ్మది రకం చూడండి: బ్లాకులు దగ్గర దగ్గరగా, మధ్యలో పక్కటెముకలా ఒకదానికొకటి అల్లుకుని, వాటి మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి గీతలు ఎక్కువగా ఉన్నవి. ఆ సన్నటి గీతలే తడి రోడ్డు మీద, మంచు మీద పట్టు ఇస్తాయి. ఇక్కడ ఒక చిన్న విషయం చూడాలి. కొన్ని టైర్లలో ఈ గీతలు ట్రెడ్ అడుగు దాకా ఉంటాయి, కొన్నింట్లో పైపైనే ఉండి సగం అరిగేసరికి మాయమవుతాయి. కొత్తగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి, 30,000 కిలోమీటర్లు తిరిగాక వానలో బ్రేకు తొక్కినప్పుడు గానీ తేడా తెలియదు. షాపులో ఒక పలచటి విజిటింగ్ కార్డు ఆ గీతలో దూర్చి చూడండి, ఎంత లోపలికి వెళ్తుందో. నేను ప్రతిసారీ ఇలాగే చూస్తాను.

సైడ్‌వాల్ మీద ఉన్నది చదవడం

నా దృష్టిలో టైరు ఎంపిక మొత్తం ఇక్కడే ఉంది. ట్రెడ్ డిజైన్ గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్లు ఈ వరుస మాత్రం చదవరు.

ఉదాహరణకి 265/70ఆర్17 115టి అని ఉందనుకోండి. 265 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 70 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, ఆర్ అంటే రేడియల్, 17 అంటే రిమ్ము సైజు అంగుళాల్లో. చివర్లో ఉన్న 115 లోడు ఇండెక్స్, అంటే ఒక్కో టైరు 1,215 కిలోలు మోస్తుంది, 113 అయితే 1,150 కిలోలు. అక్షరం వేగానికి: క్యూ అంటే గంటకి 160 కిలోమీటర్లు, ఆర్ 170, ఎస్ 180, టి 190. గట్టి ఆల్ టెర్రైన్ టైర్లు ఎక్కువగా క్యూ, ఆర్, ఎస్ దగ్గరే ఆగుతాయి. మీ బండితో వచ్చిన టైరుకి టి ఉండి, కొత్తదానికి క్యూ ఉంటే, ఆ టైరు మోయగల వేగం తగ్గిందని గుర్తుపెట్టుకుని నడపాలి.

ఇప్పుడు ఆ అంకెల ముందు ఏముందో చూడండి. ఏమీ లేకపోయినా, పి అని ఉన్నా అది కార్ల తరహా నిర్మాణం. ఎల్‌టి అని ఉంటే లైట్ ట్రక్ నిర్మాణం. సైజు అంకెలు అవే, టైరు మాత్రం పూర్తిగా వేరు. ఎల్‌టి265/70ఆర్17 మీద 121/118 అని, పక్కన లోడ్ రేంజ్ ఇ అని కనపడుతుంది. 121 అంటే 1,450 కిలోలు, వెనక జంట చక్రాలుంటే ఒక్కోదానికి 118, అంటే 1,320 కిలోలు. లోడ్ రేంజ్ సి అంటే ఆరు ప్లై రేటింగ్, డి ఎనిమిది, ఇ పది. ఇక్కడ చాలామంది పొరబడతారు, పది ప్లై అంటే లోపల పది పొరలు ఉంటాయని కాదు, పాతకాలపు నూలు పొరల టైర్లలో పది పొరలకి సమానమైన బలం అని మాత్రమే. నిజంగా సైడ్‌వాల్‌లో ఎన్ని పొరలున్నాయో టైరు మీదే వేరేగా రాసి ఉంటుంది, రెండో మూడో. రాళ్లలో నడిపేవాళ్లకి మూడు పొరలున్నది మేలు.

మరి ఎల్‌టి బలమైనది కదా, అదే వేయించేద్దాం అంటే, అలా కాదు. ఎల్‌టి టైరు బరువు ఎక్కువ, సైజుని బట్టి ఒక్కో చక్రానికి నాలుగైదు కిలోల దాకా పెరగొచ్చు. ఆ బరువు స్ప్రింగుల కింద ఉంటుంది కాబట్టి గతుకుల్లో బండి దడదడలాడుతుంది, బ్రేకులు ఎక్కువ కష్టపడతాయి, డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఖాళీ బండితో తారు రోడ్డు మీద తిరిగేవాళ్లకి ఎల్‌టి వల్ల నడుం నొప్పి తప్ప ఒరిగేది లేదు. రోజూ లోడు వేసేవాళ్లు, ట్రెయిలర్ లాగేవాళ్లు, పదునైన రాళ్ల మీద తిరిగేవాళ్లు, వీళ్లకి మాత్రం ఎల్‌టి తప్పనిసరి. ఇంకో జాగ్రత్త, చాలా టైర్లు ఒకే పేరుతో రెండు నిర్మాణాల్లోనూ దొరుకుతాయి, ట్రెడ్ లోతు కూడా రెండింట్లో వేరుగా ఉండొచ్చు. ఎవరో మెచ్చుకున్నది ఎల్‌టి రకం, మీకు అంటగట్టేది మామూలు రకం కాకుండా చూసుకోండి.

లోడు లెక్క చాలా సులువు, అయినా దాదాపు ఎవరూ వేయరు. డ్రైవర్ డోరు తెరిస్తే ఫ్రేము మీద స్టిక్కర్ ఉంటుంది, దాని మీద వెనక యాక్సిల్ ఎంత బరువు మోయగలదో రాసి ఉంటుంది. 1,850 కిలోలు అనుకుంటే ఒక్కో టైరుకి కనీసం 925 కిలోలు రావాలి. కానీ పి రకం టైరుని పికప్‌కి వాడినప్పుడు దాని లోడు సామర్థ్యాన్ని 1.1తో భాగించాలి అనేది నియమం, కాబట్టి 1,215 కిలోల టైరు లెక్కలోకి 1,105 కిలోల దగ్గరే వస్తుంది. బండితో వచ్చిన లోడు ఇండెక్స్ కంటే తక్కువది ఏ కారణం చేతా వేయించకండి, ఇందులో బేరాలు లేవు.

సైజు పెంచాలా

పెంచితే బాగుంటుంది, చూడటానికి. 265/70ఆర్17 ఎత్తు 803 మిల్లీమీటర్లు, 285/70ఆర్17 ఎత్తు 831. తేడా 28 మిల్లీమీటర్లు, దీంట్లో సగమే, అంటే 14 మిల్లీమీటర్లే, బండి నేల నుంచి పైకి లేస్తుంది. దానికి బదులుగా స్పీడోమీటర్ 100 చూపిస్తున్నప్పుడు మీరు నిజంగా 103.5లో వెళ్తుంటారు, మొత్తం గేరింగ్ మూడున్నర శాతం పొడుగవుతుంది, లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిను ముందుకంటే ఒక గేరు కిందకి దిగమంటుంది. 285కి సాధారణంగా కనీసం 7.5 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి, మీ రిమ్ము 7 అంగుళాలదైతే ఆ సైజు మీకు కాదు.

తగులుతుందో లేదో ముందే చూసుకోవచ్చు. స్టీరింగ్ పూర్తిగా ఒక వైపుకి తిప్పి, టైరు వెనక మూలకీ మడ్ ఫ్లాపుకీ మధ్య వేళ్లు పెట్టి చూడండి, లోపలి వైపు సస్పెన్షన్ చేతికీ టైరుకీ మధ్య కూడా. రెండు వేళ్లు పట్టకపోతే పెద్ద టైరు అక్కడ రుద్దుకుంటుంది. ఇది బండి సమతలంగా నిలబడి ఉన్నప్పటి లెక్క, గుంతలో పడి స్ప్రింగు నొక్కుకుని స్టీరింగ్ కూడా తిరిగి ఉన్నప్పుడు ఖాళీ ఇంకా తగ్గిపోతుంది. స్టెప్నీ సంగతి కూడా మర్చిపోకండి, పెద్ద టైరు బండి అడుగున స్టెప్నీ చోటులో పడుతుందో లేదో టేపుతో కొలవండి. పాత సైజు స్టెప్నీ ఉంచేసి నాలుగు పెద్దవి వేయించుకుంటే, పంక్చరైన రోజు ఫోర్ వీల్ వాడటానికి ఉండదు. సెంటర్ డిఫరెన్షియల్ (ముందు వెనక యాక్సిళ్లని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) లేని మామూలు ఫోర్ వీల్ బండిలో ఫోర్ వీల్ వేస్తే ముందు వెనక యాక్సిళ్లు ఒకే వేగంతో తిరుగుతాయి, టైర్ల చుట్టుకొలత తేడాగా ఉంటే ఆ తేడా అంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది.

ఇదే కారణంతో నాలుగూ ఒకేసారి మార్చండి. డబ్బు చాలక రెండే మార్చాల్సి వస్తే, అదే సైజు, అదే రకం తీసుకుని కొత్తవి వెనక వేయించండి, తడి రోడ్డు మీద వెనక పట్టు పోతే బండి తిరిగిపోతుంది, ముందు పట్టు పోతే కనీసం మనకి తెలుస్తుంది, వేగం తగ్గించగలం. ఎప్పుడూ నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే బండ్లలో మాత్రం ముందు వెనక ట్రెడ్ లోతు తేడా రెండు మిల్లీమీటర్లు దాటకూడదు, కంపెనీ పుస్తకంలో ఇంకా తక్కువ చెప్పి ఉంటే అదే పాటించండి.

మంచు గుర్తు, తేదీ గుర్తు

మంచు పడే చోట తిరిగేవాళ్లు సైడ్‌వాల్ మీద రెండు గుర్తుల్ని వేరు చేసి చూడాలి. ఎం ప్లస్ ఎస్ అనేది బురద, మంచు అని చెప్పే అక్షరాలు, ట్రెడ్ ఆకారం చూసి కంపెనీయే వేసుకుంటుంది, దానికి మంచు మీద పరీక్ష అక్కర్లేదు. మూడు శిఖరాల కొండ బొమ్మ లోపల మంచు నక్షత్రం ఉంటే మాత్రం, ఆ టైరు గట్టిపడిన మంచు మీద పరీక్షలో నిర్ణీత స్థాయి పట్టు చూపించిందని అర్థం. అది కూడా ఆ మంచు మీది పట్టుకి పెట్టిన పరీక్షే, గాజులా గడ్డకట్టిన రోడ్డు మీద బ్రేకు గురించి అది ఏమీ చెప్పదు. మంచు అసలు చూడనివాళ్లు ఈ గుర్తు కోసం వెతుక్కోనక్కర్లేదు.

తేదీ మాత్రం అందరూ చూడాలి. డి.ఓ.టి అనే అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు: 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. ఆ నాలుగు అంకెలు ఒక పక్కే ఉంటాయి, కొన్నిసార్లు లోపలి వైపు పడతాయి, అందుకే బిగించక ముందే చూడండి, నాలుగు టైర్లవీ చూడండి. పికప్‌లు ఏడాదికి కొద్ది దూరమే తిరిగే ఇళ్లలో ట్రెడ్ బాగానే ఉన్నా రబ్బరు ముసలిదైపోతుంది, గాడుల అడుగున, సైడ్‌వాల్ మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. ఆరేళ్లు దాటిన టైరుని ఏడాదికోసారి తెలిసినవాళ్లకి చూపించడం, పదేళ్లు నిండితే ట్రెడ్ ఎంత ఉన్నా తీసేయడం మంచిది. స్టెప్నీకీ ఇదే వర్తిస్తుంది.

ట్రెడ్ విషయానికొస్తే చాలా దేశాల్లో చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది, నేను మాత్రం 4 దగ్గరికి వచ్చేసరికే కొత్తవి చూడటం మొదలుపెడతాను. ఆల్ టెర్రైన్ టైరు తడి రోడ్డు మీద హైవే టైరు కంటే మామూలుగానే కాస్త వెనకబడి ఉంటుంది, గాడులు నిండా అరిగాక నీళ్లు పోయే దారే ఉండదు.

ట్రెడ్ డిజైన్, ఇప్పుడు ఫోటోలు చూడొచ్చు

కంకర మీద ఎక్కువ తిరిగేవాళ్లు గాడుల అడుగున చూడండి, చిన్న చిన్న గట్లు లేదా మెట్లు కనిపిస్తాయి. అవి అందం కోసం కాదు, బ్లాకుల మధ్య ఇరుక్కున్న రాయి లోపలికి తొలుచుకుపోకుండా బయటికి నెట్టేయడానికి. అవి లేని టైరులో రాయి ఇరుక్కుంటే చక్రం తిరిగే ప్రతిసారీ ఇంకొంచెం లోపలికి దిగుతుంది, చివరికి స్టీలు బెల్టుల దాకా వెళ్తుంది. బురద ఎక్కువైతే భుజాల దగ్గర ఖాళీలు వెడల్పుగా, బయటికి తెరుచుకుని ఉండాలి. ఇసుక అయితే అసలు బ్లాకుల కంటే గాలి ముఖ్యం, మరీ లోతైన బటన్లు ఇసుకని తవ్వి బండిని దింపేస్తాయి. రాళ్లలో నడిపేవాళ్లకి సైడ్‌వాల్ పైభాగంలో పొడుచుకొచ్చిన గడ్డలు ఉపయోగం.

సైడ్‌వాల్ గురించి ఎందుకింత చెప్తున్నానంటే, ఒకసారి నేను ఎండిన వాగు దాటుతున్నప్పుడు పలకలా చీలిన రాయి ఒకటి వెనక టైరు పక్కన గీసింది. చప్పుడు కూడా సరిగ్గా వినపడలేదు, బండి ఒక పక్కకి ఒరిగినప్పుడు దిగి చూశాను. బొటనవేలంత పొడవు చీలిక, పెదవుల్లా తెరుచుకుని, లోపల తెల్లటి దారాలు బయటికి కనపడుతున్నాయి. ట్రెడ్ ఇంకా 8 మిల్లీమీటర్లు ఉంది. ట్రెడ్ మధ్యలో మేకు దిగి 6 మిల్లీమీటర్ల లోపు కన్నం పడితే లోపలి నుంచి ప్యాచ్ వేసి బాగు చేయొచ్చు, సైడ్‌వాల్ చీలితే బాగు చేయడం అనేదే లేదు, పారేయడమే. ఆ టైరు రెండు పొరల సైడ్‌వాల్ ఉన్న మామూలు రకం, నేను వెళ్లే దారులకి అది తగదని ముందున్న సెట్ మీది గీతలే చెప్పాయి, నేనే పట్టించుకోలేదు.

బిగించే రోజు, ఆ తర్వాత

నేను మొదటిసారి ఎల్‌టి టైర్లు వేయించినప్పుడు, బిగించినవాళ్లు సైడ్‌వాల్ మీద గరిష్ఠంగా 80 పిఎస్ఐ అని ఉంటే అదే చూసి నాలుగింటికీ దాదాపు అంతా కొట్టేశారు. ఖాళీ పికప్ ప్రతి గతుకు దగ్గరా బంతిలా ఎగిరింది, వానలో మలుపు తిరుగుతుంటే వెనక భాగం జారింది. సైడ్‌వాల్ మీద ఉన్నది టైరు తట్టుకోగల గరిష్ఠం, మీ బండికి కావాల్సిన గాలి కాదు.

మరి ఎంత ఉండాలి? బండితో వచ్చిన రకమే, అదే సైజు, అదే నిర్మాణం అయితే డోరు స్టిక్కర్ మీద ఉన్నంతే. పి నుంచి ఎల్‌టికి మారితే స్టిక్కర్ మీది గాలి సరిపోదు, అదే బరువు మోయడానికి ఎల్‌టి టైరుకి ఎక్కువ గాలి కావాలి. ప్రతి సైజుకీ ఏ లోడుకి ఎంత గాలి అనే పట్టిక టైరు కంపెనీల దగ్గర ఉంటుంది, అడిగి తీసుకోండి. పట్టిక చెప్పిన కనీస గాలి పెట్టాక సుద్దముక్కతో ట్రెడ్ మీద అడ్డంగా ఒక మందపాటి గీత గీసి, సమతలంగా ఉన్న చోట బండిని నిదానంగా ఒక యాభై అడుగులు నడపండి. గీత మధ్యలో మాత్రమే చెరిగిపోయి అంచుల్లో మిగిలితే గాలి ఎక్కువగా ఉంది, అంచుల్లో చెరిగి మధ్యలో మిగిలితే తక్కువ. పికప్‌కి ముందు, వెనక వేర్వేరు అంకెలు రావడం మామూలే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, సుద్దగీత ఏం చెప్పినా పట్టికలో మీ లోడుకి ఉన్న అంకె కంటే కిందకి దిగకూడదు. గాలి ఎప్పుడూ బండి నడపక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, వాతావరణం ఐదారు డిగ్రీలు మారితే సుమారు ఒక పిఎస్ఐ మారుతుంది. గాలి తక్కువైతే వెలిగే హెచ్చరిక లైటు పాత స్టిక్కర్ లెక్క మీదే పనిచేస్తుంది, కాబట్టి మీ ఎల్‌టి టైరుకి గాలి చాలకపోయినా అది వెలగకపోవచ్చు. చిన్న గేజ్ ఒకటి బండిలో ఉంచుకోండి.

ఇసుకలోకి దిగేటప్పుడు 15 నుంచి 20 పిఎస్ఐ దాకా తగ్గిస్తే టైరు నేలకి ఆనే పొడవు పెరిగి బండి తేలుతుంది, ఏ ట్రెడ్ డిజైన్ ఇవ్వలేనంత తేడా కనపడుతుంది. అంతకంటే కిందకి వెళ్తే పదునుగా తిప్పినప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడి రావొచ్చు. మళ్లీ రోడ్డెక్కే ముందు నింపుకోవాలి, కాబట్టి చిన్న కంప్రెసర్ లేకుండా గాలి తీయకండి, తక్కువ గాలితో హైవే మీద వేగంగా వెళ్తే టైరు లోపల వేడెక్కి పగిలిపోతుంది.

బిగించే చోట దగ్గరే నిలబడండి. నట్లు ఎయిర్ గన్‌తో బిగించి వదిలేయకుండా టార్క్ రెంచితో బండి పుస్తకంలో ఉన్నంతకే బిగించమనండి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి సరిచూడండి, అల్లాయ్ రిమ్ములకి మరీ ముఖ్యం. అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి. కొత్త టైర్ల మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పొర ఉంటుంది, మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు వానలో నెమ్మదిగా వెళ్లండి. ఆ తర్వాత ప్రతి 8,000 కిలోమీటర్లకి ముందు వెనకలకు మార్చండి, స్టెప్నీ కూడా అదే టైరు, అదే రకం రిమ్ము అయితే దాన్నీ ఆ వరుసలో తిప్పండి, ఐదూ ఒకేలా అరుగుతాయి.

మొదట లోతులు రాసుకున్న ఆ కాగితం పారేయకండి. కొత్త టైర్ల లోతు, తయారైన వారం, బిగించిన రోజు ఓడోమీటర్ అంకె, పెట్టిన గాలి దాని మీదే రాసి గ్లోవ్ బాక్సులో పెట్టేయండి, మార్చిన ప్రతిసారీ మూడు చోట్లా కొలిచి కింద ఒక వరుస చేర్చండి. ఏ మూల టైరు ఎక్కువ అరుగుతోందో రెండు వరుసలు నిండేసరికి తెలిసిపోతుంది, అప్పుడైతే ఇంకా సరిచేసుకునే టైమ్ ఉంటుంది.